గడ్డివామి మీద కిరీటం

ప్రతి సోమవారం పొద్దున, అర్జీలు తీసుకునే ముందు, ఉప్పుచెలమ తహసీల్దారు కమలాకర్ కళ్ళు మూసుకుని ఒక కార్డు తీస్తాడు. ఆ వారం మండలంలో ఏం జరగాలో ఆ కార్డు చెబుతుంది. జరిగితే ఇక్కణ్ణుంచి పైకి నివేదిక పోతుంది. జరగకపోతే పైనుంచి ఇక్కడికి మెమో వస్తుంది.

వాటిని టారో కార్డులంటారు. పడమటి దేశాల్లో జాతకం చెప్పుకునే బొమ్మల కార్డులు. రాజధానిలో ఒక పెద్ద అధికారికి ఎవరో ఒక కార్డు తీసి చూపిస్తే ఆయన మోకాలినొప్పి తగ్గిందట. మోకాలు తగ్గిన నెలలోనే ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు సూచనాత్మక పాలన. అంతకు ముందు ఏడాది చిరునవ్వు పాలన నడిచింది. అప్పుడు ఉద్యోగులందరినీ జిల్లా కేంద్రానికి పిలిపించి నవ్వడం నేర్పారు. నేర్చుకుని వచ్చినవాళ్ళెవరూ ఆ తర్వాత నవ్వలేదు.

ఉప్పుచెలమలో కార్డుల పథకం బాగానే మొదలైంది. పది కప్పుల బొమ్మ వచ్చిన వారం పదిమందికి టీ ఇప్పించి, ప్రజలలో ఆనందం వెల్లివిరిసినదని రాశారు. సూర్యుడి బొమ్మ వచ్చిన వారం ఎండలు మండిపోయి జనం వడదెబ్బకు పడిపోతుంటే, లక్ష్యానికి మించి అమలు జరిగినదని రాశారు. ఒంటికాలికి తాడు కట్టించుకుని తలకిందులుగా వేలాడే మనిషి బొమ్మ వచ్చిన వారం మాత్రం జూనియర్ అసిస్టెంటు మెడికల్ లీవు పెట్టి ఊరు వదిలి పోయాడు.

అర్జీలకు వచ్చేవాళ్ళలో గోగులపాడు పేరయ్య ఎప్పుడూ ముందుంటాడు. అరవై దాటిన మనిషి. ఊరి బళ్ళో నేర్పినంతా నేర్చుకున్నాడు. అక్కడ నేర్పింది ఐదో తరగతి దాకానే. అతని అర్జీలో ఒకటే వాక్యం. 'కార్తీకంలో నా భార్య అంకమ్మను ఆరోగ్య కేంద్రానికి తెచ్చిన రోజున డాక్టరు ఎక్కడ ఉన్నాడో తెలియజేయ ప్రార్థన.'

డాక్టరు ఎక్కడున్నాడో పేరయ్యకు తెలుసు. మండలమంతటికీ తెలుసు. జిల్లా కేంద్రంలో నవ్వడం నేర్చుకుంటున్నాడు. అంకమ్మ తాళం వేసిన తలుపు ముందు, అరుగు మీద పోయింది. ఆ సంగతి ప్రభుత్వం ముద్ర వేసి కాగితం మీద చెప్పాలని పేరయ్య పట్టు. ప్రతి సోమవారం అర్జీ తీసుకుని రసీదు ఇస్తారు. రసీదు ఇవ్వడంలో ఆఫీసు ఎన్నడూ ఆలస్యం చెయ్యలేదు.

చైత్రంలో ఒక సోమవారం పేరయ్య బల్ల ముందు నిలబడి ఉండగానే తహసీల్దారు కార్డు తీశాడు. తీసి, కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

కార్డు మీద ఎత్తయిన బురుజు ఉంది. దాని నెత్తిన మెరుపు పడింది. బురుజు కొనకు ఉన్న కిరీటం ఎగిరిపోతోంది. కిటికీల్లోంచి మంటలు. ఇద్దరు మనుషులు తలకిందులుగా కిందికి వస్తున్నారు.

"ఇదేంది మేడం, కొంప కూలుతుంది?" అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గురునాథం.

మేడం అంటే శర్వాణి. జిల్లాకు వేసిన సూచనా సలహాదారు. తెల్లచీర, మెడలో రాళ్ళదండ, చేతిలో రెండు ఫోన్లు. ఆమె చేతులు జోడించి కార్డుకు నమస్కారం చేసింది.

"భయం వద్దు. ఇది చాలా ఉన్నతమైన కార్డు. దీని తాత్పర్యం ఆకస్మిక విపర్యయం. అబద్ధపు పునాది మీద నిలబడ్డదంతా ఒక్క మెరుపుతో కూలిపోతుంది. దాంతో కళ్ళు తెరుచుకుంటాయి."

"ఎవరి కళ్ళు మేడం?"

"పడేవాళ్ళవి."

తహసీల్దారు అడిగాడు. "ఎప్పుడు పెట్టుకుందాం?"

"ఆకస్మికం కదండీ. చెప్పకుండా రావాలి."

"చెప్పకుండా ఎట్లా మేడం? షామియానా వెయ్యాలి. సబ్ కలెక్టరు గారి డేటు తీసుకోవాలి. గురునాథం, సార్‌కి ఎప్పుడు ఖాళీ?"

"గురువారం సార్. పదకొండింటికి."

"రాసుకో. ఆకస్మిక విపర్యయం గురువారం ఉదయం పదకొండు గంటలకు సంభవించును. వర్షం వచ్చినచో శుక్రవారం."

"అయ్యా, నా అర్జీ," అన్నాడు పేరయ్య.

"మండలం తలకిందులయ్యేట్టుంటే నీ అర్జీ ఏంది పెద్దాయనా? రసీదు తీసుకుని వెళ్ళు."

పేరయ్య రసీదు తీసుకుని వెళ్ళాడు.

ఇక బురుజును వెతకాలి. కూలడానికి ముందు బురుజంటూ ఒకటి నిలబడి ఉండాలి. తహసీల్దారు నిర్వచనం రాయించాడు. నేల మీద నిలబడి, వెడల్పు కంటె ఎత్తు అధికముగా కలిగి, మానవులచే నిర్మింపబడినది ఏదైనను బురుజుగా పరిగణింపబడును. ఆ నిర్వచనం జేబులో పెట్టుకుని గురునాథం మోటారుసైకిలు మీద మండలమంతా తిరిగి సాయంత్రానికి వచ్చాడు.

"సెల్ టవరుంది సార్."

"ఎవరి పొలంలో?"

"మండలాధ్యక్షుల వారి బావమరిది పొలంలో."

"అది కట్టడం ఎట్లా అవుద్దయ్యా? నాలుగు ఇనప కాళ్ళు, మధ్యలో అంతా గాలి. గాలిని కూలుస్తామా? తర్వాత?"

"మంచినీళ్ళ ట్యాంకు."

"దానికింకా ప్రారంభోత్సవం కాలేదు. ప్రారంభించకుండా కూల్చడానికి రూల్సు ఒప్పుకోవు. తర్వాత?"

"రైసుమిల్లు పొగగొట్టం సార్."

తహసీల్దారు కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి రైసుమిల్లు వారి కారు నిలబడి ఉంది. గురునాథం కూడా కిటికీలోంచి చూశాడు. పొగగొట్టం సంగతి అక్కడితో అయిపోయింది. గుడి గోపురం, చర్చి శిఖరం, మసీదు మినారు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. వాటి ముందునుంచి పోయేటప్పుడు గురునాథం నేల చూస్తూ బండి తోలాడు.

"ఇంకేం లేవా?"

"ఒకటుంది సార్. గోగులపాట్లో. గడ్డివామి."

"ఎవరిది?"

"ఆ అర్జీల పేరయ్యది."

"అతని తరపున ఎవరన్నా ఫోన్ చేస్తారా?"

గురునాథం కాసేపు ఆలోచించాడు. "ఎవరూ లేరు సార్."

"ఇంకేం, బురుజంటే అదే!" అన్నాడు తహసీల్దారు.

గడ్డివామి బురుజులా ఎందుకుందో గురునాథం అడగలేదు. అడిగితే పేరయ్య చెప్పేవాడు కాదు. వామి వెయ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు కిందనుంచి మోపులు విసరాలి. ఒకరు పైన నిలబడి, అందుకుని, అంచులదాకా సర్ది, చుట్టూ తిరుగుతూ తొక్కాలి. ముప్ఫై ఏళ్ళకు పైగా పైన అంకమ్మ తొక్కింది. ఆవిడ తొక్కిన వామి ఇల్లంత వెడల్పుగా, గట్టిగా కూర్చునేది. పైన నిలబడి కింద ఉన్న మొగుణ్ణి తిట్టడం కూడా ఆవిడ పనే. ఈ ఏడు పేరయ్య తనే విసిరి, తనే నిచ్చెనెక్కి, తనే తొక్కాడు. అంచులు సర్దడం అతనికి చేతకాలేదు. వామి సన్నగా, పొడుగ్గా, కాస్త పక్కకు వాలి లేచింది. ఊళ్ళోవాళ్ళు చూసి నవ్వారు. 

మంగళవారం తలారి ఏసోబు నోటీసు పట్టుకొచ్చాడు. పేరయ్య గొడ్లచావిట్లో గేదెకు కుడితి పెడుతున్నాడు. గేదె పేరు చుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. ఆ పేరు పెట్టింది అంకమ్మ.

"ఇక్కడ సంతకం పెట్టు బాబాయ్. పెట్టి ఇది దాచుకో. చదవమాక."

"చదవకుండా సంతకమేందిరా?"

"గురువారం పదకొండు దాటినాక చదవాలంట. ముందే చదివితే ఆకస్మికం చెడిపోద్దంట. నాకేం తెలుసు, వాళ్ళు చెప్పమన్నారు, నేను చెబుతున్నా."

పేరయ్య చేతులు తుడుచుకుని చదివాడు. 'మీ ఆవరణలో గల గడ్డివామి అను బురుజు గురువారం నాడు మీకు ఏమాత్రము తెలియకుండ కూలి దగ్ధమగును. ఆ సమయమునకు తమరు అచట హాజరై నిర్ఘాంతపోవలెను. అట్లు పోనిచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును.'

రెండోసారి చదివాడు. తర్వాత చుక్క వైపు చూశాడు.

"ఇది కాలితే దీనికి కోతలదాకా మేతేది?"

ఏసోబు కాలితో నేల రాశాడు. "నిన్న గొడ్ల బేరగాడు సెంటర్లో అడిగాడు బాబాయ్. పేరయ్య గేదెని ఎప్పుడమ్ముతాడని. వాడికి అప్పుడే తెలిసిపోయింది. మనిషి కాడు వాడు, గద్ద."

ఆరోగ్య కేంద్రం అరుగు మీద అంకమ్మ చివరిగా అన్న మాట, 'దాన్ని అమ్మమాక.' గేదె గురించి. పేరయ్య ఎట్లా బతుకుతాడు, ఏం తింటాడు అనేది ఆవిడ అడగలేదు. ఆ సంగతి పేరయ్యకు ఇప్పటికీ కోపమే. కానీ మాట మాటే. గడ్డి పోతే అమ్మాలి. అమ్మితే చుక్క ఎక్కడికి పోతుందో ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

బుధవారం పేరయ్య మండలాఫీసుకు పోయాడు. లోపల విపర్యయ నిర్వహణ కమిటీ కూర్చుని ఉంది.

"అయ్యా, నా వామి తగలబెడతారంట."

"నీకెవరు చెప్పారు?"

"మీ నోటీసే."

"చదివావా?"

"చదివా."

తహసీల్దారు నెత్తి కొట్టుకున్నాడు. "గురునాథం, ఇతను చదివినట్టు మనకు తెలియదు. మినిట్సులో రాయి."

"గడ్డి లేకపోతే నా గేదె చస్తది సారూ."

శర్వాణి జాలిగా నవ్వింది. "తాతగారూ, మీరు పైపైన చూస్తున్నారు. అది గడ్డి కాదు. మీ అహంకారం. ఇన్నాళ్ళూ పెంచుకున్నారు. ఇప్పుడది దగ్ధం కావాలి."

"అహంకారమైతే నేను తిందునమ్మా. గేదె తింటంది."

ఈ మాట కమిటీ వినలేదు. మెరుపు దగ్గర పని ఆగిపోయి ఉంది. మెరుపు లేనిదే కార్డు అమలైనట్టు కాదు. కరెంటాఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు లేచి తమ వైఖరి స్పష్టం చేశాడు.

"మెరుపు మా సంస్థ సరఫరా చెయ్యదు. మేం ఇచ్చేది కరెంటు. గురువారం పూట అదీ ఉండదు, లైను మరమ్మతు."

మెరుపుకు ప్రత్యామ్నాయముగా అగ్గిపెట్టె ఒకటి అని రాసుకున్నారు. బురుజు మీద కిరీటం ఉండాలి కాబట్టి నాటకాల సామాను అద్దెకిచ్చేవాడి దగ్గర రాజు వేషం కిరీటం చెప్పారు. ఇక తలకిందులుగా పడే ఇద్దరు మనుషులు.

"దిష్టిబొమ్మలు వేద్దాం సార్," అన్నాడు గురునాథం.

"నివేదిక ఎక్కించే ఫోను యాప్ ఒప్పుకోదు. ముఖం పడాలి. కంటిరెప్ప కొట్టాలి."

"తలారిని ఎక్కిద్దామా?"

తలుపు దగ్గర నిలబడ్డ ఏసోబు అందుకున్నాడు. "నేను ఎక్కను సార్. నా కళ్ళు తెరిచే ఉన్నయ్."

"తలారులు పనికిరారు," అంది శర్వాణి. "బొమ్మలో పడుతున్నవాళ్ళను చూడండి, రాజవస్త్రాలు. అధికారం ఉన్నవాళ్ళే పడాలి."

కమిటీ సభ్యులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. చివరికి గురునాథానికే ఉపాయం తోచింది. యాప్ పైన నిలబడ్డ ముఖం చూస్తుంది కానీ, కిందపడ్డ ముఖం చూడదు. కనక తహసీల్దారు గారూ తనూ వామి మీదికెక్కి, కిరీటం పెట్టి, ఫోటో దిగి, మర్యాదగా నిచ్చెన మీద దిగివచ్చేస్తారు. తర్వాత దిష్టిబొమ్మలు పడతాయి. తర్వాత సబ్ కలెక్టరు గారు అగ్గిపుల్ల గీస్తారు. శర్వాణి ఒకే ఒక్క షరతు పెట్టింది. అసలు కార్డు ఆ పూట కిరీటం కింద ఉండాలి. శక్తి ప్రవహించాలంటే అంతకన్నా వేరే దారి లేదు.

పేరయ్య వరండాలోకి వచ్చాడు. గురునాథం వెనకే వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"పెద్దాయనా, మీ ఇంట్లో నిచ్చెన ఉందా?"

"ఉంది. కానీ ఆ వామి తూర్పు వైపు..."

"ష్! నువ్వేం చెప్పకు. నీకేం తెలియదు. నీకు తెలుసని తెలిస్తే మా ఉద్యోగాలు పోతాయి."

పేరయ్య నోరు మూసుకున్నాడు.

గురువారం పొద్దున్నే పేరయ్య దొడ్లో షామియానా లేచింది. కుర్చీలు, మైకు, డప్పులు. ఆకస్మిక విపర్యయ మహోత్సవానికి స్వాగతం అని ఫ్లెక్సీ కట్టారు. తామే పెట్టబోయే మంట కనక అగ్నిమాపక బండి ముందే వచ్చి నిలబడింది. పేరయ్యను ముందు వరసలో కూర్చోబెట్టి మెళ్ళో బంతిపూల దండ వేశారు. చొక్కాకు బిళ్ళ గుచ్చారు. దాని మీద లబ్ధిదారుడు అని ఉంది. చుక్కను చావిట్లోంచి తోలి నీళ్ళ గాబు పక్కన కట్టేశారు.

సబ్ కలెక్టరు రావడానికి ఇంకా టైముంది. ఈలోపల ఫోటో అయిపోవాలి.

"నిచ్చెన తూర్పువైపు వెయ్యి," అన్నాడు గురునాథం. "ఎండ ముఖాన పడాలి. లేకపోతే యాప్ మసకగా ఉందంటది."

పేరయ్య నోరు తెరిచాడు. గురునాథం పెదాల మీద వేలు పెట్టుకుని కళ్ళెర్రజేశాడు. పేరయ్య నోరు మూసుకుని నిచ్చెన తూర్పువైపు వేశాడు.

సంక్రాంతి పోయిన దగ్గర్నుంచి పేరయ్య చుక్కకు గడ్డి దూసేది తూర్పు వైపునుంచే. చావిడి అటుంది. వామి కింద ఆ పక్కన మనిషి దూరేంత గుహ పడింది. అంకమ్మ ఉంటే అన్ని వైపులా సమంగా దూయించేది. పొద్దున లేస్తే దాని గురించే తిట్టేది.

ముందు గురునాథం ఎక్కాడు. వెనక తహసీల్దారు. ఒక చేతిలో కిరీటం, జేబులో కార్డు, నోట్లో ఫోను. పైకెక్కి ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని నిలబడ్డారు. తహసీల్దారు వామి నడినెత్తిన కార్డు పెట్టి, దాని మీద కిరీటం పెట్టి, ఫోను చాచి పట్టుకున్నాడు.

"రెప్ప కొట్టు గురునాథం."

"కొడుతున్నా సార్."

"ఇంకొంచెం ఇటు జరుగు, నీ చెవి పడటం లేదు."

గురునాథం తూర్పుకు జరిగాడు.

వామి ముందు నిట్టూర్చినట్టు శబ్దం చేసింది. తర్వాత నడుం విరిగినట్టు ముందుకు వంగింది. కిరీటం ఎగిరింది. తహసీల్దారు ఎడంపక్కనుంచి, గురునాథం కుడిపక్కనుంచి, చేతులు చాచి, తలకిందులుగా, సరిగ్గా కార్డులో ఉన్నట్టే కిందికి వచ్చారు. దొర్లిన కిరీటం అగ్నిమాపక బండి కింద దూరింది. డప్పులవాళ్ళు ఇదే అదననుకుని వాయించారు.

పేరయ్య లేచి నిలబడి నిర్ఘాంతపోయాడు. నోటీసులో అలాగే ఉంది.

తర్వాత పోయి గడ్డిలోంచి ఇద్దర్నీ కాళ్ళు పట్టి లాగాడు. మళ్ళీ వంగి, గడ్డిలో చెయ్యి పెట్టి దేవి, తహసీల్దారు కళ్ళజోడు తీసి ఆయన చేతికిచ్చాడు. చేతులు పంచెకు తుడుచుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"అద్భుతం!" శర్వాణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అచ్చం కార్డు! కళ్ళు తెరుచుకున్నాయా సార్?"

తహసీల్దారు చెవుల్లోంచి గడ్డి తీసుకుంటున్నాడు. "ఏం అద్భుతం మేడం? ఇంకా పదకొండు కాలేదు. ముఖ్య అతిథి రాలేదు. ఫోటోగ్రాఫరు టీకి పోయాడు. ఇది విపర్యయం కాదు, ప్రమాదం. లెక్కలోకి రాదు."

"మళ్ళీ నిలబెడదామా సార్?" అన్నాడు గురునాథం కుంటుతూ.

"టైమెక్కడిది? కూలింది కూలింది. కనీసం తగలబెడితే సగం అమలైనట్టు రాయొచ్చు. అగ్గిపెట్టె తే."

అగ్గిపెట్టె గురునాథం జేబులోనే ఉంది. తీశాడు. చుక్క పగ్గం లాక్కుంటూ అరిచింది. పేరయ్య కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగండి," అంది శర్వాణి. "నా కార్డేది?"

అందరూ గడ్డి వైపు చూశారు. చెల్లాచెదురైన గడ్డి దొడ్డి నిండా మోకాళ్ళెత్తున పడి ఉంది.

"ఒకటి పోతే కట్ట మొత్తం పనికిరాదు. ప్రభుత్వ ఆస్తి. దాని మీద నంబరుంది. సంతకం పెట్టి తీసుకున్నది మీరు."

తహసీల్దారు అగ్గిపెట్టె లాక్కుని జేబులో వేసుకున్నాడు. "ఒక్క పరక కూడా కాలడానికి వీల్లేదు! వెతకండి!"

సబ్ కలెక్టరు వచ్చేసరికి మండలాఫీసు మొత్తం మోకాళ్ళ మీద ఉంది. తహసీల్దారు, గురునాథం, కరెంటు ఇంజనీరు, అగ్నిమాపకం వాళ్ళు పరకా పరకా ఏరుతున్నారు. ముందు వరసలో పేరయ్య ఒక్కడే దండ వేసుకుని కుర్చీలో ఉన్నాడు. సబ్ కలెక్టరు కుర్రవాడు. ఆ దృశ్యం చూసి చలించిపోయాడు.

"రైతు కుర్చీలో, అధికారులు నేల మీద! విపర్యయమంటే నేను ఏదో విధ్వంసం అనుకున్నాను. కమలాకర్ గారూ, దీన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న మండలం ఇంకోటి లేదు."

తహసీల్దారు లేవబోతే, వద్దని చేత్తో ఆపి ఫోటోలు తీయించాడు. రిబ్బను కత్తిరించి వెళ్ళిపోయాడు. ఆ ఫోటో మర్నాడు పేపర్లో పడింది.

సాయంత్రమైనా కార్డు దొరకలేదు. అప్పుడు ఏసోబు తలగోక్కుంటూ ముందుకొచ్చాడు.

"సార్, ఇందాక ఆ గోలలో చుక్క ఏందో పెళపెళమని నములుతా ఉండగా చూశా."

అందరూ చుక్క వైపు తిరిగారు. చుక్క నెమరు వేస్తోంది. పేరయ్య ఏసోబు వైపు చూశాడు. ఏసోబు ఆకాశం వైపు చూశాడు.

"కోసి చూద్దామా సార్?" అన్నాడు గురునాథం.

పేరయ్య కుర్చీలోంచి లేచాడు. పోయి చుక్క పక్కన నిలబడి, దాని మెడ మీద చెయ్యి వేశాడు. 

"కత్తి తగిలి కార్డు తెగితే?" శర్వాణి వణికిపోయింది. "బురుజు కార్డును రెండుగా కోసిన మండలానికి ఏమవుతుందో నేను పుస్తకాల్లో కూడా చదవలేదు!"

తహసీల్దారు లెక్క వేరు. "కోసినాక లోపల లేకపోతే? అప్పుడు కార్డూ పోయె, గేదే పోయె. రెండింటికీ సంజాయిషీ నేనే రాయాలి. వద్దు. సహజ మార్గంలోనే రానిద్దాం."

ఆ రాత్రికి రాత్రే ఉత్తర్వు తయారైంది. 'ప్రభుత్వ ఆస్తిని తన యందు కలిగియున్న గేదెను అమ్మరాదు, కోయరాదు, పస్తుంచరాదు. దాని మేత, నీరు, ఆరోగ్యము కార్డు వెలువడు వరకు మండల పాలనా యంత్రాంగము బాధ్యత. వెలువడిన ప్రతి పేడకడిని బాధ్యత గల ఉద్యోగి పరిశీలించి ధ్రువీకరించవలెను.'

మర్నాడు చెదిరిన గడ్డిని మళ్ళీ వామి వేశారు. ఈసారి మనుషులకు కొదవలేదు. కింద నలుగురు విసిరారు. పైన తహసీల్దారు, గురునాథం తొక్కారు. పేరయ్య కింద నిలబడి తిట్టాడు.

"అంచులకు సర్దు సారూ, నడిమధ్యలో గంతులేస్తే ఏం లాభం? ఆ మూల తొక్కు. ఆ మూల! కళ్ళు కనపడతన్నయ్యా?"

"కనపడుతున్నాయి," అన్నాడు తహసీల్దారు రొప్పుతూ.

వామి వెడల్పుగా, గట్టిగా కూర్చుంది. ఇప్పుడది నిర్వచనం ప్రకారం బురుజు కాదు. అంకమ్మ వేసినట్టు లేదు గానీ, నవ్వడానికి లేదు.

పోయిన కార్డు దొరికి కట్ట పూర్తయ్యేదాకా ఉప్పుచెలమలో కార్డు తియ్యడం ఆపారు. ఆ వారాల్లో మండలంలో ఏమీ సంభవించలేదు. ఏమీ తోచక కొన్ని అర్జీలు పరిష్కరించారు కూడా. పేరయ్యది కాదు. అతనికి రసీదే ఇస్తున్నారు.

ఒక మధ్యాహ్నం చుక్క దగ్గింది. ఊరికే, గడ్డిలో దుమ్ముకు దగ్గింది. దాని పేడకు కాపలా వేసిన ఇద్దరు ఉద్యోగుల్లో ఒకడు కంగారుపడి ఫోను చేశాడు. పేరయ్య అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపల జీపు వచ్చింది. పశువుల డాక్టరు పరుగున దిగాడు. వెనకే సహాయకుడు, మందుల పెట్టె, సెలైను సీసా. చుక్క గుండె విన్నారు. నాలుక చూశారు. జ్వరం చూశారు. పొద్దుగూకేదాకా ఉండి, మళ్ళీ రేపొస్తామని చెప్పి వెళ్ళారు.

పేరయ్య అరుగు మీద కూర్చుని అదంతా చూశాడు. పక్కన ఏసోబు బీడీ ముట్టించాడు. సగందాకా కాల్చాడు. చివరికి అన్నాడు.

"పిన్ని కూడా ఏదన్నా గవర్నమెంటు కార్డు మింగి ఉంటే బతికేది బాబాయ్."

పేరయ్య కాసేపటికి లేచి లోపలికి పోయాడు.

గోడకు అంకమ్మ ఫోటో ఉంది. ఫోటోలో కూడా దేన్నో తిట్టబోతున్నట్టే ఉంటుంది. పేరయ్య దాని వెనక చెయ్యి పెట్టి, ఆ రోజు కళ్ళజోడుతో పాటు గడ్డిలో చేతికి దొరికిన కార్డు తీశాడు. ఒక పక్క కొద్దిగా నలిగింది, అంతే. కిటికీ దగ్గరికి తెచ్చి చూశాడు. మెరుపు, కిరీటం, మంటలు. తలకిందులుగా వస్తున్న ఇద్దరు. వాళ్ళిద్దరి కళ్ళూ పెద్దవిగా తెరుచుకునే ఉన్నాయి. అందువల్ల వాళ్ళకేం తెలిసిందో బొమ్మలో లేదు.

కోతల దాకా కార్డు దొరకదు. కోతల తర్వాత దొరకొచ్చు. డాక్టరు ఆ రోజు ఎక్కడున్నాడో ఒక్క వాక్యం ముద్ర వేసి ఇస్తే, ఆ పొద్దే దొరుకుతుంది. ఇవ్వకపోతే చుక్క బతికినన్నాళ్ళూ దాని కడుపులోనే ఉంటుంది. పేరయ్యకు తొందర లేదు.

కార్డు మళ్ళీ అంకమ్మ వెనక పెట్టాడు. బయట చావిట్లో కాపలా ఉద్యోగి చేతికర్రతో పేడ కదిపి, ఫోను చెవిన పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఇవాళ కూడా లేదు సార్."